లోయలో దొరికిన రుచి



మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఇటలీ దేశపు ఉత్తరభాగంలోని టూరిన్ నగరంలో కాపురముంటున్నాడు. దేవుని కృపనుబట్టి మేమిద్దరమూ ఒక చలికాలం అక్కడ గడిపి వచ్చాము. వారి పై అంతస్తులో ఎనభై ఏళ్లు దాటిన ఒక తల్లి ఒంటరిగా ఉంటున్నది. అందరూ ఆమెను 'నోన్నా' అంటారు. అంటే అమ్మమ్మ అని అర్థం. ఒక ఆదివారం మేము బైబిలు పట్టుకొని మెట్లు దిగుతుంటే ఆమె ఆపి, "మీరు ప్రొటెస్టంట్లా? నేనూ అంతే. మాది వాల్డెన్సీయుల సంఘం" అన్నది. రోమను కాథలిక్కులే ఎక్కువగా ఉన్న ఆ దేశంలో ఈ మాట విని మా ప్రాణం లేచి వచ్చింది.

ఆమెకు ఒక కోరిక ఉండేది. చిన్నతనంలో కొండలోయలో వాళ్లమ్మ చేసిన 'ముస్తర్దేలా' అనే సాసేజిని చనిపోకముందు ఒక్కసారి తినాలని. పట్నంలో సాసేజిలు ఎన్నో రకాలు వేలాడుతుంటాయి గాని, ఆమె అడిగినది మాత్రం ఆ చుట్టుపక్కల దుకాణాల్లో దొరకలేదు. "ఫిబ్రవరి 17 మా పండుగ. మా ఊరు తీసుకువెళ్తారా?" అని అడిగింది. పెద్దావిడ నోరు తెరిచి అడిగితే కాదనగలమా? 16వ తేదీ ఉదయం మా అబ్బాయితో కలిసి బయలుదేరాము.

టూరిన్ నుండి పినెరోలో వరకు రైలు. అక్కడి నుండి బస్సు. దారి పొడవునా ఎదురుగా మంచు కప్పుకొన్న ఆల్ప్స్ కొండలు. పెల్లిచే ఏటి ఒడ్డున తొర్రే పెల్లిచే అనే చిన్న పట్టణంలో దిగాము. అక్కడి నుండి పైకి పోతే ఆంగ్రోన్యా లోయ. నోన్నా పుట్టింది అక్కడే.

ఈ లోయల చరిత్ర మన విశ్వాసులు తెలుసుకోదగినది. 12వ శతాబ్దంలో లియోన్ పట్టణపు వాల్డో అనే వర్తకుడు తన ఆస్తి పంచిపెట్టి, ప్రజలకు తెలిసిన భాషలో సువార్త ప్రకటించాడు. ఆయనను వెంబడించినవారే వాల్డెన్సీయులు. వారి బోధకులను 'బార్బా' అనేవారు. అది మనం బాబాయి, మామయ్య అన్నట్లు పిలిచే పిలుపు. వారు ఇద్దరిద్దరుగా ఊరూరా తిరుగుతూ, కంఠతా పట్టిన వాక్యాన్ని రహస్యంగా బోధించేవారు. 1532లో ఆంగ్రోన్యా లోయలోని షాన్ఫొరాన్ అనేచోట సమావేశమై సంఘ సంస్కరణోద్యమంలో చేరారు. ఫ్రెంచి బైబిలు అచ్చు వేయించడానికి ఆ పేదలే చందాలు కూర్చారు. ఆ బైబిలు 1535లో వెలువడింది.

తరువాత శ్రమలు వచ్చాయి. 1655లో సవోయ్ ప్రభువు సైన్యం వారిని ఊచకోత కోసింది. 1686లో వేలమంది చెరసాలల పాలయ్యారు. బ్రతికి బయటపడినవారు స్విట్జర్లాండుకు వెళ్లగొట్టబడ్డారు. 1689లో సుమారు 900 మంది కొండలు దాటి నడిచి తమ లోయలకు తిరిగివచ్చారు. అయినా లోయ దాటి ఆస్తి కొనుక్కోరాదు, విశ్వవిద్యాలయంలో చదువరాదు. చివరకు 1848 ఫిబ్రవరి 17న కార్లో ఆల్బెర్టో రాజు వారికి పౌరహక్కులు ఇచ్చాడు. అదే నోన్నా చెప్పిన పండుగ.

ఇంత చరిత్రకూ ఒక సాసేజికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. కొండవాలు చేలలో పండేది తక్కువ. చలికాలంలో ఇంటికొక పందిని కోస్తే ఏడాదంతా దానిమీదే ఆధారం. మంచి మాంసం దాచుకొనేవారు. మిగిలిన తలకాయ, నాలుక, చర్మం ఉడికించి, ఎముకలు తీసి సన్నగా తరిగేవారు. కొవ్వులో మగ్గబెట్టిన ఉల్లిపాయలు, లీక్ అనే ఉల్లిజాతి కూర, ఉప్పు, మిరియాలు, దాల్చినచెక్క వంటి దినుసులు, కాస్త ఎర్ర ద్రాక్షారసం, ఆ పంది రక్తం కలిపి, పేగులో కూరి ఉడికించేవారు. అదే ముస్తర్దేలా. ఉడికించిన బంగాళాదుంపలతో వేడివేడిగా తింటారు. ఏమీ నష్టపడకుండా మిగిలిన ముక్కలు పోగుచేయమన్న ప్రభువు మాట (యోహాను 6:12) ఆ వంటింట్లో నెరవేరిందని మాకు అనిపించింది. ఇప్పుడు స్లో ఫుడ్ అనే సంస్థ దీనిని కాపాడదగిన వంటకాలలో చేర్చింది.

మొదటి దుకాణంలో నోన్నా వాసన చూచి తల అడ్డంగా ఊపింది. "దాల్చినచెక్క ఎక్కువ" అన్నది. రెండవ దుకాణంలోని నడివయసు కసాయి ఒక ముక్క కోసి ఇచ్చాడు. ఆమె కళ్లు మూసుకొని చాలాసేపు నమిలింది. "లీక్ కూర ఎంతసేపు మగ్గబెడతావు?" అని అడిగింది. "మా నాయనమ్మ చెప్పినంతసేపు" అన్నాడు అతను. ఆమె కళ్లవెంట నీళ్లు కారాయి. "ఇది మా అమ్మ చేతిది కాదు. కాని మా అమ్మ ఊరిది" అన్నది.

బయటికి వచ్చాక ఆమె మెల్లగా చెప్పింది. "పదహారేళ్లప్పుడు పనికోసం టూరిన్ వెళ్లాను. తలకాయ, నెత్తురు తినేవాళ్లమని నవ్వుతారని సిగ్గుపడి, అమ్మ దగ్గర ఇది నేర్చుకోలేదు. నా పిల్లలకు దీని పేరు కూడా తెలియదు."

ఆ రాత్రి కొండలమీద నెగళ్లు వెలిగించారు. 1848లో ఆ శుభవార్త ఒక కొండనుండి ఇంకొక కొండకు ఇలాగే మంటలతో పాకిందట. మన భోగిమంటలంత ఎత్తైన ఆ మంటల చుట్టూ పిల్లలూ పెద్దలూ చేరి పాటలు పాడారు. మాకు భాష రాకపోయినా వారితోపాటు నిలబడి ప్రభువును స్తుతించాము.

మరునాడు ఆరాధన తరువాత సంఘమంతా కలిసి భోజనానికి కూర్చున్నాము. నోన్నా తాను కొన్న ముస్తర్దేలాను ఉడికించి తెచ్చి, మొదటి ముక్కలు మా పళ్లెంలోనే వేసింది. మా గుండె దడదడలాడింది. మా అమ్మమ్మగారి ఇంట ఒకప్పుడు మేక రక్తంతో 'నల్ల' వండేవారు. బాప్తిస్మము పొంది, అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చదివించుకొని విన్న తరువాత ఆమె దానిని మానివేసింది. ఆ తీర్మానాన్ని మా ఇంట నేటికీ పాటిస్తున్నాము. తింటే మనస్సాక్షికి బాధ. తినకపోతే కన్నీటితో వెదకి తెచ్చిన తల్లికి బాధ. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూచుకున్నాము.

చివరకు మా అబ్బాయి చేత ఉన్నదున్నట్లు చెప్పించాము. ఆమె నొచ్చుకుంటుందని భయపడ్డాము. ఆమె ఆ ముక్కలు తీసి తన పళ్లెంలో వేసుకొని, మాకు బంగాళాదుంపలు వడ్డించి, మా చేయి పట్టుకుంది. "మనస్సాక్షిని బలవంతం చేయనియ్యకుండా మా పితరులు ఈ లోయల్లో చనిపోయారు. నేను మీ మనస్సాక్షిని బలవంతం చేస్తానా? మీ అమ్మమ్మగారు మంచి విశ్వాసి" అన్నది.

తినువాడు తినని వానిని తృణీకరింపకూడదనియు, తినని వాడు తినువానికి తీర్పు తీర్చకూడదనియు రోమా 14వ అధ్యాయంలో ఎన్నిసార్లు చదువలేదు! ఆ బల్లయొద్ద దాని భావం మాకు బోధపడింది. మన సంఘాలలో తిండి విషయమై ఎన్ని ఇళ్ల మధ్య మాటలు లేవో మనకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో నోన్నా ఒక కాగితం తీసి, ఆ కసాయి చెప్పిన పాళ్లు వ్రాయడం మొదలుపెట్టింది. ఎవరికని అడిగాము. "మా మనుమరాలికి" అన్నది. మేమును ఇంటికి వచ్చి, అమ్మమ్మగారు ఎందుకు నల్ల మానిందో మా మనుమలను కూర్చోబెట్టి చెప్పాము. పెద్దల నుండి పొందినదానిని సిగ్గుపడక పిల్లలకు అందించే మనస్సును, వేరుగా తినే సహోదరుని ప్రేమతో చేర్చుకొనే మనస్సును ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.