నకలు తీసుకునే అణువులు - మన తెలుగు

ప్రాణం ఎలా పుట్టిందన్న ప్రశ్నకు వేదాంతులు ఒక విధంగా, రసాయన శాస్త్రజ్ఞులు మరొక విధంగా జవాబు చెబుతారు. తన నకలు తానే తీసుకోగల అణువు ఒకటి ఏర్పడిన నాడే ప్రాణానికి బీజం పడిందని శాస్త్రజ్ఞులలో చాలామంది మాట.

చిమిండైంగ్ వాసులమైన మనకు ఇది మరీ దూరపు సంగతి కాదు. నదికి పోటు వస్తే ఒడ్డు బురద తడుస్తుంది, ఆటుకు ఆరుతుంది. ఇలా తడిసి ఆరే చోట్లనే చిన్న అణువులు గొలుసుగా అతుక్కొని ఉంటాయని కొందరి ఊహ. అటువంటి గొలుసే ఆర్.ఎన్.ఏ. దాన్ని కట్టడానికి మన కణాలు వాడే నాలుగు ఇటుకల్లో ఒకటి ఏ.టి.పి. దాన్ని 1929లో అమెరికాలో ఫిస్కేతో కలిసి కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

1986లో ఫాన్ కీడ్రోవ్‌స్కీ, ఆరక్షరాల డి.ఎన్.ఏ. ముక్క ఎంజైము సాయం లేకుండానే నకలు తీసుకోవడం చూపారు. 2009లో లింకన్, జాయిస్‌లు రెండు ఆర్.ఎన్.ఏ.లు ఒకదాన్నొకటి తయారుచేసుకునేట్లు చేశారు. ముడి ముక్కలు అందించింది మాత్రం మనుషులే. మొట్టమొదటి అణువు సంగతి ఇంకా తేలలేదు.

వీటన్నిటికంటె మమ్మల్ని ఆలోచనలో పడవేసింది 1967 నాటి స్పీగెల్మన్ ప్రయోగం. ఒక వైరస్ ఆర్.ఎన్.ఏ.ను ఎంజైము, ముడిసరుకు ఉన్న గాజుగొట్టంలో వేశారు. నకళ్ళు తయారుకాగానే ఒక చుక్క తీసి మరో గొట్టంలో వేశారు. ఇలా 74 సార్లు. త్వరగా నకలైనదే నిలిచింది. చివరకు 83 శాతం రాలిపోయి పొట్టి ముక్క మిగిలింది. అది చకచకా పెరిగింది గాని, వైరస్‌గా బతికే శక్తి పోయింది. అన్నీ అమర్చిపెట్టిన చోట అక్కరలేనిదంతా వదులుకుంది.

కోరంగి రేవు పేరుతో ‘కోరంగీలు’ అనిపించుకున్న మన పెద్దల భాష కూడా తరానికొక గొట్టం మారుతూనే ఉంది. బజారుకు బర్మా మాట చాలు, ఇంట్లో నాలుగు తెలుగు ముక్కలు చాలు. రా, పో, తిను - ఇవి నిలుస్తాయి. సామెత, పొడుపుకథ, అక్షరం రాలిపోతాయి. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. పని చెప్పనిదాన్ని అణువైనా మోయదు గదా! కనుక అక్షరానికి పని చెబుదాం. సరుకుల చీటీ, పండుగ పిలుపు, ఊరికి ఉత్తరం పిల్లలచేతనే తెలుగులో రాయిద్దాం. తప్పులుంటే ఉండనిద్దాం. నకలులో తప్పులు దొర్లుతాయి. ఆ తప్పుల నుంచే కొత్త ప్రాణులూ వచ్చాయి.