ఎనభై ఆరా... తొంభై ఆరా?

ఆమదాలవలసలో ఉన్నది 1986 మోడల్ ఆర్‌ఎక్స్ 100. చీపురుపల్లిలో ఉన్నది 1996ది. ధర రెండింటికీ దాదాపు ఒకటే. విజయనగరం మాస్టారి దగ్గరున్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది.

ఎస్కార్ట్స్, యమహా కలిసి ఈ బండిని తెచ్చింది 1985లో. 98 సీసీ ఇంజిన్, 11 హార్స్‌పవర్. మొదట్లో విడిభాగాలు జపాన్ నుంచే వచ్చేవి. 1996లో తయారీ ఆగిపోయింది. అంటే ఒకటి తొలినాటిది, రెండోది చివరి కాన్పు! మాస్టారి మనసు ఆమదాలవలస బండి మీదే. చిన్నప్పుడు నాన్న వెనక కూర్చుని తిరిగింది ఎనభై ఆరు మోడల్ మీదే మరి.

మెరిసే ట్యాంకు, కొత్త క్రోమ్. కిక్ కొట్టగానే ఆ శబ్దం... మాస్టారికి గొంతు పట్టేసింది. వెంట వచ్చిన మెకానిక్ మాత్రం గొంతుక్కూర్చుని, ఇంజిన్ మీది నంబరును గుడ్డతో తుడిచి, ఆర్‌సీతో సరిచూశాడు.

''ఇంజిను దీనిది కాదు మాస్టారూ. ఎప్పుడో మార్చేసినారు. జపానోడిది పోయినాది, పేరే మిగిలింది.''

చీపురుపల్లి బండికి రంగు వెలిసింది. సీటు చిరిగింది. నంబర్లు మాత్రం కలిశాయి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి చేయించాల్సిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా ఉంది. పాత బండి మోజులో చాలామంది చూడనిది అదే.

అడ్వాన్సు అక్కడే ఇచ్చేశారు. తిరుగు దారిలో మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. గరివిడి దాటాక అడిగారు... ''దీనికీ ఆ శబ్దం వస్తుందంటావా?''