కుంజుం కనుమ దారిలో మొరాయించిన గేరు

హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితి జిల్లా పేరులోనే రెండు లోయలున్నాయి. లాహౌల్ లోయలో చంద్రా, భాగా నదులు తాండీ వద్ద సంగమించి చంద్రభాగ అవుతాయి. దిగువన ఆ నదినే చీనాబ్ అంటారు. స్పితి లోయలోని నీరు మాత్రం మరో దిశగా ప్రవహించి ఖాబ్ వద్ద సట్లెజ్‌లో కలుస్తుంది. ఈ రెండు లోయల నడుమ అడ్డుగోడలా నిలిచినది కుంజుం కనుమ. దాని ఎత్తు సుమారు 4,550 మీటర్లు. కనుమకు ఈవల కరిగిన మంచు చీనాబ్‌కూ, ఆవల కరిగిన మంచు సట్లెజ్‌కూ చేరుతుంది. చివరకు రెండూ సింధు నదీ వ్యవస్థలోనివే కావడం ప్రకృతి వైచిత్రి.

మనాలీ నుంచి స్పితి ముఖ్యపట్టణమైన కాజాకు ఈ కనుమ మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. పూర్వం 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తంగ్ కనుమను ఎక్కి దిగితే గాని లాహౌల్‌లో అడుగుపెట్టడం సాధ్యమయ్యేది కాదు. 2020 అక్టోబరు 3న 9.02 కిలోమీటర్ల పొడవైన అటల్ సొరంగం ప్రారంభమైన తరువాత ఆ శ్రమ తప్పింది. సొరంగం దాటి, కోక్సర్ మీదుగా గ్రాంఫూ చేరేంతవరకు ప్రయాణం సుఖంగానే సాగుతుంది. అక్కడి నుంచి రహదారి అనే మాటకు అర్థం మారిపోతుంది. చంద్రా నది ఒడ్డున గుండ్రాళ్ల మీదుగా, దారికి అడ్డంగా పారే సెలయేళ్ల గుండా బండి నడవాలి. ఎండ ముదిరేకొద్దీ పైనున్న మంచు కరిగి ఆ ఏళ్లు ఉప్పొంగుతాయి. అందువల్లనే అనుభవజ్ఞులైన డ్రైవర్లు మధ్యాహ్నంలోగా వాటిని దాటడానికి తొందరపడతారు.

2022 సెప్టెంబరులో ఎల్.టి.సి. సౌకర్యం వినియోగించుకుని నేనూ నా శ్రీమతీ, మా విభాగంలోనే పనిచేసే ఒక యువ ఇంజనీరూ ఆయన భార్యా ఈ యాత్రకు బయలుదేరాము. మనాలీలో మేము కుదుర్చుకున్నది పాత జిప్సీ. సామాన్య కొనుగోలుదారులకు ఆ బండి అమ్మకాలు ఆగిపోయి కొన్నేళ్లయినా, కొండదారుల్లో దానికి గౌరవం తగ్గలేదు. తేలికైన ఒళ్లు, నాలుగు చక్రాలకూ శక్తినందించే ఏర్పాటు, ఏ ఊరి మెకానిక్కుకైనా అర్థమయ్యే నిర్మాణం దాని సుగుణాలు. డ్రైవరు లాహౌల్ ప్రాంతానికి చెందిన నలభై ఏళ్ల మనిషి. బండి ఆయన సొంతం. జూన్ నుంచి అక్టోబరు దాకా దారి తెరిచి ఉండే ఆ నాలుగైదు నెలల సంపాదనతోనే ఏడాదంతా ఇల్లు గడవాలి.

చేతికి తెలిసిన బరువు

ఉదయం ఛత్రూ వద్ద టీ తాగి బయలుదేరుతున్నప్పుడు మొదటి గేరు వేయడానికి డ్రైవరు కాస్త బలం ఉపయోగించడం గమనించాను. చలి ప్రదేశంలో ఇది వింత కాదు. రాత్రంతా చల్లబడిన గేరాయిల్ తేనెలా చిక్కబడుతుంది. బండి కొంత దూరం నడిచి నూనె వెచ్చబడేసరికి గేర్లు వాటంతట అవే తేలికపడతాయి. కాని మా విషయంలో జరిగింది దీనికి విరుద్ధం. పది కిలోమీటర్లు నడిచాక గేరు మరింత బిగిసింది. ఒక సెలయేరు ముందు బండిని వెనక్కు తీయవలసి వచ్చి రివర్సు వేస్తే పళ్లు గరగరమని అరిచాయి. నూనె చిక్కదనమే కారణమైతే వేడితోపాటు దోషం తగ్గాలి. పెరిగిందంటే కారణం మరొకచోట ఉన్నదన్న మాట.

మధ్యాహ్నానికి బాతల్ చేరాము. చంద్రా నది మీద ఒక వంతెన, రాళ్లు పేర్చి కట్టిన ధాబాలు, చుట్టూ గడ్డిపోచైనా లేని పర్వతాలు. బాతల్ అంటే అంతే. అక్కడి నుంచి కుంజుం సుమారు పన్నెండు కిలోమీటర్లు, అంతా మలుపులతో కూడిన నిటారు ఎక్కుడు. సముద్రమట్టంలో ఉన్న గాలి సాంద్రతలో మూడింట రెండు వంతులు కూడా ఆ ఎత్తున ఉండదు. ఇంజను శక్తి ఆ మేరకు తగ్గుతుంది కనుక మొదటి రెండు గేర్ల మధ్య చేయి ఆడుతూనే ఉండాలి. గేరు పడని బండితో అటువంటి ఎక్కుడు ఎక్కడం ప్రమాదకరం. వెనక్కు పోదామంటే ఉదయం దాటిన ఏళ్లు అప్పటికే పొంగి ఉంటాయి. మేము వెళ్లిన నాటికి ఆ దారిలో మొబైల్ ఫోన్లు పనిచేయవు.

డ్రైవరు ముఖం వాడిపోయింది. "గేర్‌బాక్స్ పోయింది సార్‌జీ. నెల క్రితమే దిగువన ఒక మెకానిక్ చూసి, మొత్తం విప్పాలన్నాడు. పది రోజులు బండి నిలిచిపోతుంది. సీజన్‌లో పది రోజులంటే నాకేం మిగులుతుంది?" అన్నాడు. ఆ మాటలోని బాధ మా యాత్రకు కలిగిన ఆటంకం కన్నా పెద్దది.

మూడు చిన్న పరీక్షలు

నిర్ధారణకు పనిముట్లేమీ అవసరం లేని పరీక్షలు కొన్ని ఉన్నాయి. చదునైన చోట బండి నిలిపి వాటిని వరుసగా చేశాము.

మొదటిది, ఇంజను ఆపి గేర్లు మార్చడం. అయిదు గేర్లూ, రివర్సూ వెన్నలో కత్తిలా దిగాయి. గేరు రాడ్డు అడుగున ఉండే బుష్షు అరిగినా, లోపలి కడ్డీలు వంగినా ఇంజను ఆపినంత మాత్రాన ఇంత తేలికపడవు. అంటే తప్పు గేర్‌బాక్సుది కాకపోవచ్చునని తొలి సాక్ష్యం లభించింది.

రెండవది, ఇంజను నడుస్తుండగా న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కి, అయిదు లెక్కపెట్టి రివర్సు వేయడం. క్లచ్ సక్రమంగా విడిపోతే గేర్‌బాక్సులోనికి వెళ్లే షాఫ్టు ఆ వ్యవధిలో ఆగిపోవాలి. రివర్సు నిశ్శబ్దంగా పడాలి. మాకు మళ్లీ గరగర శబ్దమే వచ్చింది. ఇక్కడ రివర్సునే ఎంచుకోవడానికి కారణముంది. ముందుకు నడిపే గేర్లకు ఇత్తడి సింక్రో రింగులుంటాయి. అవి రాపిడితో వేగాలను సమం చేసి, క్లచ్ లోపాన్ని కొంతవరకు కప్పిపుచ్చుతాయి. ఈ బండిలో రివర్సుకు ఆ రింగు లేదు. అందుచేత అది ఉన్నదున్నట్లు చెబుతుంది.

మూడవది, ముందు ఖాళీ స్థలం ఉండేటట్లు చూసుకుని, మనుషులందరినీ పక్కకు తప్పించి, హ్యాండ్‌బ్రేకు వేసి, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా తొక్కి ఇంజను స్టార్టు చేయడం. బండి కదలకూడదు. మాది ముందుకు ఉరకబోయింది. ఇక సందేహం లేదు. క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. ఇంజను భ్రమణం కొంత లోపలికి చేరుతూనే ఉంది. తిరుగుతున్న పళ్లతో నిలిచిన పళ్లను బలవంతంగా కలపబోతే చేతికి తెలిసేదే ఆ బరువు.

ఎందుకు విడిపోవడం లేదు? చేత్తో పెడల్ నొక్కి చూస్తే నాలుగు వేళ్ల మేర ఏ పట్టూ లేకుండా దిగిపోయింది. కొంత సందు ఉండవలసిందే గాని ఇంత ఉండరాదు. ఈ జిప్సీలో పెడల్ బలాన్ని క్లచ్‌కు చేర్చేది ఉక్కు కేబుల్. టార్చిలైటు వేసి బండి కిందికి చూస్తే, క్లచ్ మీటకు తగిలించిన కొసన కేబుల్ పోగులు దాదాపు సగం తెగి, చీపురులా విచ్చుకుని ఉన్నాయి. మిగిలిన పోగులు సాగుతూ ఉండడం వల్ల పెడల్ ఎంత తొక్కినా మీట చివరిదాకా కదలడం లేదు. వయసు మీరిన ఏ కేబుల్‌కైనా సహజంగా వచ్చే అవస్థే ఇది.

కొసన ఉన్న నట్టును కొన్ని చుట్లు బిగించి సాగుడును సరిచేశాము. పెడల్‌కు కొంత సందు మాత్రం తప్పక విడిచాము. అది బొత్తిగా లేకపోతే ప్లేటు జారి కాలిపోతుంది. ఇంజను నడిపి మళ్లీ పరీక్షిస్తే రివర్సు చప్పుడు లేకుండా పడింది. డ్రైవరు నమ్మలేనట్లు మూడుసార్లు తానే వేసి చూసుకున్నాడు.

బాతల్‌లో ఒక రాత్రి

"సార్, పనిచేస్తోంది కదా, చీకటి పడేలోగా కనుమ దాటేద్దాం" అన్నాడు మా యువ ఇంజనీరు. పనిచేయడం వేరు, నమ్మదగినదై ఉండడం వేరు. సగం తెగిన తాడు మీద అయిదుగురి ప్రాణాలు వేలాడదీసి మలుపులెక్కడం ఏ ఇంజనీరూ ఒప్పుకోదగిన పని కాదు. డ్రైవరు కూడా నా మాటే సమర్థించాడు. కాజా వైపు పోతున్న ఒక టాక్సీ డ్రైవరుతో కొత్త కేబుల్ కోసం కబురు పంపి, ఆ రాత్రి ధాబాలోనే బస చేశాము. ఆ నిర్ణయానికి మూల్యం లేకపోలేదు. 2005లో రాంసర్ చిత్తడి నేలల జాబితాలో చేరిన చంద్రతాల్ సరస్సు అక్కడికి దగ్గరలోనే ఉంది. అది చూడాలన్నది ఆడవాళ్లిద్దరి కోరిక. రోజు వృథా అయినందున దాన్ని వదులుకోవలసి వచ్చింది. "సరస్సు ఎక్కడికీ పోదు లెండి, మళ్లీ రావచ్చు" అని మా శ్రీమతి తేల్చేసింది.

వేడివేడి రాజ్మా అన్నం తిని, రెండేసి రజాయిలు కప్పుకుని కూర్చున్నాము. బయట చంద్రా నది హోరు తప్ప మరో సవ్వడి లేదు. యువ ఇంజనీరు అడిగిన ప్రశ్నలకు చెప్పిన సమాధానాలు పాఠకులకూ ఉపకరిస్తాయని ఇక్కడ ఇస్తున్నాను. ఒక్క గేరు మాత్రమే మొండికేసి మిగిలినవి సుఖంగా పడుతుంటే ఆ గేరు తాలూకు సింక్రో రింగును అనుమానించాలి. ఇంజను ఆపినా నడిపినా అన్ని గేర్లూ ఒకేలా బిగుసుకుంటే నూనెనూ, రాడ్డు భాగాలనూ చూడాలి. తయారీదారు చెప్పిన రకం నూనెనే పోయాలి. కొన్ని రకాల గేరాయిల్‌లోని రసాయనాలు ఇత్తడి రింగులకు హాని చేస్తాయి. కేబుల్‌కు బదులు ద్రవపీడనంతో పనిచేసే క్లచ్ ఉన్న బండ్లలో, పెడల్‌ను వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే గేరు తేలిగ్గా పడినట్లయితే, గొట్టాల్లో గాలి చేరిందనో, ద్రవం కారుతోందనో గ్రహించాలి. నాలుగు చక్రాల శక్తిని వేసి గట్టి నేల మీద నడిపితే బిగుసుకునేది మరొక రాడ్డు. దానిని గేరు దోషమని పొరబడరాదు. బండిని తిన్నగా కొద్దిగా వెనక్కు నడిపితే అది సాధారణంగా వదులవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. గేరు పడనప్పుడు సహజంగా చేయి బలం పెంచుతుంది. క్లచ్ విడిపోని స్థితిలో ప్రతిసారీ బలవంతంగా గేరు వేస్తూ పోతే సింక్రో రింగులు అరుగుతాయి, పళ్ల అంచులు చిట్లుతాయి. అలా మరో నెల నడిచి ఉంటే, గేర్‌బాక్స్ పోయిందన్న మెకానిక్ మాట నిజంగానే నిజమయ్యేది. తప్పుడు నిర్ధారణ ఒక్కొక్కసారి తనను తానే రుజువు చేసుకుంటుంది.

కనుమకు ఆవల

మర్నాడు పది గంటలకు కాజా నుంచి వచ్చిన టాక్సీలో కేబుల్ అందింది. గంటలో బిగించి బయలుదేరాము. మలుపు మలుపుకూ గేరు మెత్తగా పడుతుంటే డ్రైవరు సన్నగా ఈల వేయడం మొదలుపెట్టాడు. కుంజుం మీద రంగురంగుల ప్రార్థనా పతాకాల నడుమ కుంజుం మాత ఆలయం ఉంది. దారిన పోయే వాహనాలు ఆ గుడికి ప్రదక్షిణం చేసి సాగడం ఆచారం. మా బండీ చేసింది. నాణెం అంటుకుంటే కోరిక తీరుతుందని చెప్పే రాతి మీద డ్రైవరు ఒక రూపాయి నొక్కిపెట్టాడు. ఏం కోరుకున్నాడో మేము అడగలేదు.

కనుమ దిగితే స్పితిలోని తొలి గ్రామం లోసర్. మట్టిరంగు కొండల పాదాల వద్ద పచ్చని చేలు, తెల్లని సున్నపు గోడల ఇళ్లు కళ్లకు చలువ చేశాయి. సాయంత్రానికి కాజా చేరాము. తరువాతి రెండు రోజుల్లో కీ గోంపానూ, క్రీ.శ. 996లో స్థాపితమైన తాబో విహారాన్నీ దర్శించుకున్నాము. తాబో కుడ్యచిత్రాల గురించి ప్రత్యేకంగా మరో వ్యాసం రాయవలసి ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి ముందు డ్రైవరు కాజా బజారులో రెండు కేబుళ్లు కొన్నాడు. ఒకటి తన సీటు కింద పెట్టుకున్నాడు. రెండవది దేనికని అడిగితే, "బాతల్ ధాబాలో ఉంచుతాను సార్‌జీ. ఎవరికైనా అవసరం పడుతుంది" అన్నాడు.