బ్యారక్స్ గోడకు ఇవతల

ఇంగ్లండ్‌లోని కోల్చెస్టర్‌కు నగర హోదా 2022లో వచ్చింది. సైన్యం అక్కడ అంతకు చాలా ముందునుంచీ ఉంది. క్రిమియా యుద్ధకాలంలో, 1856లో, చెక్క గుడిసెలతో శిబిరం వేశారు. 1862-63లో అశ్వికదళానికి బ్యారక్స్ కట్టారు. ఆ పాత సైనిక స్థలాల్లో చాలాభాగం ఇప్పుడు నివాసాలయ్యాయి. బ్యారక్స్ చరిత్ర అంటే రెజిమెంట్ల పేర్లు, యుద్ధాల పేర్లు. అందులో ఆడవాళ్లెక్కడ అని వెతికితే నాకు ముందుగా ఎదురైంది ఒక చట్టం.

ఆ రోజుల్లో సుమారు నూటికి ఆరుగురు సైనికులకే పెళ్లికి అధికారిక అనుమతి దొరికేది. సుఖవ్యాధులు ప్రబలాయి. సైనికుల్ని పరీక్షించడం వాళ్ల ఆత్మగౌరవానికి దెబ్బ అని 1859లో మానేశారు. 1864లో అంటురోగాల చట్టం తెచ్చారు. కోల్చెస్టర్ మొదటి జాబితాలోనే ఉంది. మఫ్టీ పోలీసు వేశ్యగా అనుమానిస్తే చాలు, స్త్రీ దేహపరీక్షకు లొంగాలి. కాదంటే జైలు. రోగముంటే లాక్ హాస్పిటల్లో నిర్బంధం, 1869 నాటికి తొమ్మిది నెలల దాకా. రోగం ఇద్దరిదీ, శిక్ష ఒకరికే!

సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక మాటల దగ్గర ఆగుతాను. ఆ చట్టం పేరులో స్త్రీ లేదు, సైనికుడూ లేడు. 1869లో పశువులకు కూడా దాదాపు అదే పేరుతో చట్టం చేశారు.

1870లో కోల్చెస్టర్ ఉపఎన్నికలో లిబరల్ అభ్యర్థి సర్ హెన్రీ స్టోర్క్స్. మాల్టా గవర్నరుగా ఇలాంటి నియంత్రణనే అమలు చేసినవాడు. సైనికుల భార్యల్ని కూడా పరీక్షించాలన్నవాడు. ఓటుహక్కే లేని జోసెఫిన్ బట్లర్ అతనికి వ్యతిరేకంగా ప్రచారం చేసింది. అల్లరిమూక చుట్టుముట్టడంతో హోటల్ వదిలి వెళ్లాల్సివచ్చింది. స్టోర్క్స్ 500కు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయాడు. చివరికి 1886లో చట్టం రద్దయింది.

నాకిది పరాయి కథ కాదు. నేను పెరిగిన సికింద్రాబాద్‌ను లష్కర్ అంటాం. లష్కరంటే దండు. బ్రిటిష్ దండు కోసం అక్కడా లాక్ హాస్పిటల్ ఉండేది. ఇంగ్లండ్‌లో రద్దయిన ఆ 1886లోనే, రెజిమెంటు బజార్లలో సరిపడినంతమంది, ఆకర్షణీయమైన స్త్రీలు ఉండేలా చూడమని భారతదేశంలోని సైన్యాధికారులు సర్క్యులర్ పంపారు. 1868 నాటి భారత చట్టం రద్దవడానికి 1888 దాకా పట్టింది.

బట్లర్ పేరు చరిత్రలో నిలిచింది. నిలవాలి కూడా. పరీక్షకు ఒప్పుకోక జైలుకెళ్లిన పేద స్త్రీల మాటేమిటి? బ్యారక్స్ చరిత్రను వాళ్ల దగ్గర్నుంచి మొదలుపెడితే, ఆ గోడలు ఎవరిని కాపాడాయో, ఎవరిని బలితీసుకున్నాయో తెలుస్తుంది.