మేక ముట్టని ఆకు

కామారెడ్డి నుంచి నిజామాబాద్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద సదాశివనగర్‌లో దిగి, లారీల హోరు వెనకబడేదాకా నడిస్తే మక్క చేన్లు, పసుపు చేన్లు. పల్లెల్లో నాటుమందు ఇచ్చే ఒక అవ్వ ఈ ఒడ్ల మీదే ఆకు కోస్తుందని విని వెళ్లాను.

"ఆకు పేరు తెలిస్తె ఏమైతది బిడ్డా! ఎవ్వలికి ఇయ్యొద్దో తెల్వాలె" అంది మొదటే.

ఒడ్డు పొడుగునా అడ్డసరం గుబురుగా పెరిగింది. పక్కనే గడ్డి మేస్తున్న మేకలు దానివైపు మూతి కూడా తిప్పడం లేదు. ఆకు నలిపి నాలుకకు తాకిస్తే కటిక చేదు. ఇందులోని ముఖ్యమైన ఆల్కలాయిడ్ వాసిసిన్. అవ్వ ఆకును నిప్పుల మీద వాడ్చి, పసరు పిండి, తేనెతో కలిపి దగ్గుకు ఇస్తుంది. ఈ వాసిసిన్‌నే నమూనాగా పెట్టుకుని రసాయన శాస్త్రజ్ఞులు బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు. దాని నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చింది. ఇంట్లో ఉన్న దగ్గు సిరప్ సీసా తిప్పి చూడండి, ఈ రెంటిలో ఏదో ఒకటి కనబడవచ్చు.

"కడుపుతోని ఉన్నోళ్లకు మాత్రం ఇయ్య" అంది అవ్వ. వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని జమ్మూలోని సీఎస్ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) ప్రయోగశాల పరిశోధనల్లో తేలిన సంగతీ అదే. ఆమె ఇచ్చే మందు కంటే ఇవ్వనన్న ఆ మాటే నాకు గొప్పగా తోచింది.

కంచె మీద పాకిన పొడపత్రి నుంచి రెండు ఆకులు తెంపి నమలమంది. నమిలి ఉమ్మేశాక చారెడు చక్కెర చేతిలో పోసింది. నోట్లో వేసుకుంటే ఇసుకే! పలుకులు పళ్ల కింద కరకరలాడుతున్నాయి, కరుగుతున్నాయి, తీపి మాత్రం లేదు. ఉప్పు వేసుకుంటే ఉప్పగానే ఉంది. జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే గ్రాహకాలను కాసేపు పనిచేయనివ్వవు. నా అవస్థ చూసి అవ్వ పడీపడీ నవ్వింది.

గురివింద తీగ దగ్గర ఆగలేదు. అందులోని అబ్రిన్ ప్రాణం తీసే విషం. గింజ నలిగితే మరీ ప్రమాదం. "పిల్లలున్న ఇంట్ల ఉంచద్దు" అని ముందుకు నడిచింది.

పసుపు సంగతి ఈ జిల్లాల వాళ్లకు వేరే చెప్పాలా? గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారనీ, సీఎస్ఐఆర్ అడ్డుచెబితే 1997లో రద్దయిందనీ చెప్పాను. "పసుపు మీద గూడ కాయిదమా!" అంది.

అవ్వ కొలత చారెడు, చిటికెడు. కానీ ఆకులో మందు శాతం నేలను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. మాత్రలో మిల్లీగ్రాముల లెక్క అందుకే. షుగర్ మాత్రలు వాడేవారు పొడపత్రి పొడిని డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకండి. రెండూ కలిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.