వేటకెళ్ళే పడవలో డబ్బా ఉండాలా, ఫోను చాలా?

వేట అంటే చాలామందికి అడవి, తుపాకి, కుందేళ్ళు గుర్తొస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ ముచ్చట ఎప్పుడో ముగిసింది. మా వైపు మాత్రం వేట అంటే సముద్రమే. "మావ వేటకెళ్ళాడు" అంటే పడవెక్కాడని అర్థం. ఎప్పుడొస్తాడని ఎవరూ అడగరు, అడక్కూడదు కూడా.

నేను పుట్టింది పూడిమడకలో, బతుకుతెరువు మునగపాకలో. అనకాపల్లి నుంచి పూడిమడక పోయే రోడ్డు మా ఊరి మీదుగానే వెళుతుంది. పొద్దున్నే చెరకు బళ్ళు, కంపెనీ బస్సులు, మధ్యాహ్నం చేపల ఆటోలు. ఆ రోడ్డు పక్కన నాకో సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. తీరం నుంచి వచ్చేవాళ్ళు ఉప్పునీళ్ళు తాగిన ఫోన్లు తెచ్చి బల్ల మీద పెడతారు. ఈ మధ్య ఫోనుతో పాటు ఒక ప్రశ్న కూడా పెడుతున్నారు. "జీపీఎస్ డబ్బా కొనమంటావా, ఫోనులో యాప్ ఉంటే సాలదా?"

మా నాన్న కాలంలో ఈ రెండూ లేవు. పగలు ఒడ్డు మీది కొండలు, రాత్రి చుక్కలు. ఒక కొండ వెనక ఇంకో కొండ సరిగ్గా ఎక్కడ దాక్కుంటుందో చూసి, అటు పక్కన మరో గుర్తు పట్టుకుంటే, ఆ రెండు చూపులూ కలిసే చోట రాళ్ళుంటాయి, రాళ్ళ దగ్గర చేపలుంటాయి. మబ్బు పట్టినా, కొండలు కనుమరుగైనా ఆ లెక్క పని చెయ్యదు. అందుకే అప్పట్లో తెప్పలు అంత దూరం పోయేవి కావు. ఫైబర్ పడవలు, ఇంజన్లు వచ్చి, ట్యూనా కోసం లోపలికి పోవడం మొదలయ్యాక కొండలు చాలలేదు.

జీపీఎస్ అమెరికా వాళ్ళది. మామూలు జనానికి వచ్చే సిగ్నల్‌ని మొదట్లో కావాలనే మసకబార్చేవారు, దాంతో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెలలో క్లింటన్ ప్రభుత్వం ఆ మసక తీసేసింది. ఆ తర్వాతే చేతిలో పట్టే డబ్బా వేటగాడికి నిజంగా పనికొచ్చే వస్తువైంది. మా బావ పడవలో ఉన్నది గార్మిన్ డబ్బా, అరచేతిలో పట్టే సైజు. రెండు పెన్సిల్ బ్యాటరీలు వేస్తే చాలు. బటన్లు నొక్కాలి కాబట్టి చేపల జిగురు చేతులతోనూ పని చేస్తుంది. ఎండలో తెర కనిపిస్తుంది. నీళ్ళలో పడితే తేలుతుంది.

మా మేనల్లుడికి ఆ డబ్బా అంటే చులకన. డిప్లొమా చదివాడు, నాన్నతో పడవెక్కుతాడు. "మావా, ఇరవై వేలు పోసి ఆ డబ్బా ఎందుకు? నా ఫోనులో అదే జీపీఎస్. పైగా వాతావరణం సెప్తాది, సేపలెక్కడున్నాయో సెప్తాది" అంటాడు.

వాడు చెప్పేదాంట్లో నిజం ఉంది. ఫోనులోని జీపీఎస్‌కి టవరు అక్కర్లేదు, అది ఉపగ్రహాల నుంచే చోటు పట్టుకుంటుంది. సిగ్నల్ గీతలు పోతే జీపీఎస్ కూడా పోయినట్టేనని మా వాళ్ళలో చాలామంది అనుకుంటారు. అది తప్పు. పోయేది మ్యాపు, అదీ ముందే దింపుకోకపోతేనే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం పైనీటి వేడి, నీళ్ళలోని పచ్చదనం ఉపగ్రహాల ద్వారా చూసి, చేపలు దొరికే చోట్లు అంచనా వేసి చెబుతుంది. ఫలానా రేవు నుంచి ఏ దిక్కుకి, ఎంత దూరం, ఎంత లోతు అన్నది అందులో ఉంటుంది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళ ఫిషర్ ఫ్రెండ్ యాప్‌లో అలలు, గాలి, తుఫాను హెచ్చరికలు, దేశ సరిహద్దు దగ్గరపడితే అలారం ఉన్నాయి. సరిహద్దు మాట మనకు చిన్నది కాదు. 2018 నవంబరులో గుజరాత్ వేరావల్ నుంచి వేటకెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. 'తండేల్' సినిమా చూసినవాళ్ళకి ఆ కథ తెలుసు.

ఇవేవీ డబ్బా చెప్పలేదు. మరి బావ ఎందుకు వదలడు? కారణం నాకు ఒక రాత్రి తెలిసింది.

ఆ రాత్రి వీళ్ళ పడవ ఇంజన్ ఆగిపోయింది, ఒడ్డుకి ఇరవై కిలోమీటర్ల పైన. వైర్‌లెస్ సెట్టులో దగ్గర్లోని పడవకి కబురు పెట్టారు. మేనల్లుడు ఫోను చూసి గబగబా చదివాడు, "పదిహేడు పాయింట్ నలభై, ఎనభై మూడు పాయింట్ ఇరవై." ఆ పడవ వాళ్ళు ఒడ్డుకి దగ్గరయ్యాక ఫోనులో చేరవేశారు. ఒడ్డు మీద వాళ్ళు దాన్ని పదిహేడు డిగ్రీల నలభై నిమిషాలు, ఎనభై మూడు డిగ్రీల ఇరవై నిమిషాలు అని రాసుకున్నారు, ఎందుకంటే డబ్బాలో ఎప్పుడూ అలాగే చూస్తారు. విశాఖ వైపు నుంచి ఒక బోటు బయల్దేరింది.

ఫోనులో పాయింట్ నలభై అంటే డిగ్రీలో వందకి నలభై వంతు. డిగ్రీకి అరవై నిమిషాలు కాబట్టి అది ఇరవై నాలుగు నిమిషాలు. అక్షాంశంలో ఒక్కో నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. పదహారు నిమిషాల తేడా దాదాపు ముప్పై కిలోమీటర్లు. వెతికే బోటు విశాఖ హార్బర్ ఎదురుగా తిరుగుతోంది. మా వాళ్ళు పూడిమడకకి తూర్పున చీకట్లో కొట్టుకుపోతున్నారు.

అక్క మా ఇంటికి ఫోన్ చేసింది. "తమ్ముడూ, అక్కడ ఎవుల్లూ నేరంట్రా" అని ఒకే మాట. నేను బండేసుకుని పూడిమడక వెళ్ళేసరికి ఒడ్డు మీద ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. అదే ఎక్కువ భయం వేసింది.

మూడు గంటల తర్వాత ఇంకో పడవ వాళ్ళ సెట్టుకి దొరికింది. ఈసారి బావ ఫోను పక్కన పెట్టించి, డబ్బా చూసి, డిగ్రీలు వేరుగా, నిమిషాలు వేరుగా, ఒక్కో అంకె రెండుసార్లు చదివాడు. తెల్లవారేసరికి తాడు కట్టి లాక్కొచ్చారు. అప్పటికి మేనల్లుడి ఫోనులో చార్జింగ్ లేదు. రాత్రంతా టార్చిలైటు కూడా అదే కదా.

తర్వాత నేను బావని అడిగాను, డబ్బా అంటే అంత నమ్మకమేంటని. "నమ్మకం కాదు బామ్మర్దీ, ఇందులో నా పొలం ఉంది" అన్నాడు. తెరిచి చూపించాడు. రెండు వందల దాకా గుర్తులు. రాళ్ళున్న చోట్లు, వల చిరిగిన చోట్లు, మునిగిన బోటు ఉన్న చోటు, కోనాం పడిన చోట్లు. కొన్ని మా నాన్న కొండల గుర్తులతో కనిపెట్టినవి, బావ అక్కడికెళ్ళి బటన్ నొక్కి దాచుకున్నవి. రైతుకి పాసుపుస్తకం ఎలాంటిదో వీళ్ళకి ఆ అంకెలు అలాంటివి. అవి ఫోనులో ఉంటే ఒక్క వేలితో వాట్సాప్‌లో ఊరంతా పోతాయని బావ భయం. డబ్బా నీళ్ళపాలైతే అన్నీ ఒకేసారి పోతాయన్నది కొడుకు భయం. ఇద్దరి భయమూ సబబే.

నా షాపులో నేను ఫోన్లు అమ్ముకుని బతికేవాణ్ణి. అయినా అడిగినవాళ్ళకి ఇలా చెబుతాను. ఒడ్డు మీద ఉండగా ఫోను నీ గురువు. వాతావరణం, చేపల సూచన, హెచ్చరిక అన్నీ బయల్దేరే ముందు చూసుకో, మ్యాపు దింపుకో. నీళ్ళలోకి దిగాక డబ్బా నీ తోడు. ఫోనుని సంచిలో కట్టి పెట్టు, దాంతో పాటలు వినకు. రెండింట్లోనూ అంకెలు ఒకే పద్ధతిలో, డిగ్రీలు, నిమిషాల్లో కనిపించేలా సెట్టింగ్ మార్చుకో. ఆ మార్పుకి నేను డబ్బులు తీసుకోను. పాత బ్యాటరీలతో పడవెక్కకు. గుర్తులన్నీ ఒక నోటుబుక్కులో రాసి ఇంట్లో పెట్టు.

ఇంకో సంగతి. డబ్బా అయినా ఫోనైనా నువ్వెక్కడున్నావో నీకు చెబుతాయి, టవరు దాటాక ఒడ్డుకి చెప్పలేవు. ఇన్‌కాయిస్ 2019లో తెచ్చిన జెమినీ పరికరం తుఫాను కబురు పడవకి చేరుస్తుంది, తిరుగు జవాబు మోయదు. ఇస్రో తయారుచేసిన నభ్‌మిత్ర ట్రాన్స్‌పాండర్ అటూ ఇటూ సందేశాలు పంపగలదు. లక్ష పడవలకి ఉచితంగా బిగించే పథకాన్ని 2024 ఆగస్టులో ప్రారంభించారు. ఇస్తే వద్దనకండి. మనమెక్కడ పడుతున్నామో సర్కారుకి తెలిసిపోతుందని కొందరు వెనకాడుతున్నారు. ఆ రాత్రి ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళని అడిగితే తెలుస్తుంది, తెలియడం మంచిదో కాదో. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 ఇంట్లో గోడ మీద రాసి ఉంచండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 2025లో ఆ విరామానికి ప్రభుత్వం ఇరవై వేల సాయం ఇచ్చింది. ఇంట్లో అప్పులు తీర్చాక అందులో ఎంత మిగిలిందో అక్కకే తెలియాలి. మేనల్లుడు మాత్రం ఆ అరవై ఒక్క రోజుల్లో వాళ్ళ నాన్న పక్కన కూర్చుని రెండు వందల గుర్తులూ పుస్తకంలోకి ఎక్కించాడు. ప్రతి అంకె పక్కన అక్కడ ఏ చేప, ఏ నెలలో, ఎవరు కనిపెట్టారు అని కూడా రాశాడు. మొదటి పేజీలో మా నాన్న కొండల గుర్తులున్నాయి. వాటికి బ్యాటరీ అక్కర్లేదని రాసింది వాడే.