వీపున బుడిపె ఉన్న విమానం

పిల్లలూ! మొన్న సాయంకాలం మా మనుమడితో కలిసి హైటెక్ సిటీ పక్కనున్న దుర్గం చెరువు గట్టున కూర్చున్నాను. అద్దాల మేడల మీదుగా ఒక చిన్న జెట్ విమానం బేగంపేట వైపు పోయింది.

"తాతయ్యా, దీనికి బుడిపె లేదేం?" అన్నాడు వాడు. ముందురోజు వాడికి అమెరికావారి 'హాలో' విమానం బొమ్మ చూపించాను లెండి.

ఈ నగరానికే మరో కొసన, ఇమారత్‌లో, మనవారు క్షిపణులను రూపొందిస్తారు. వచ్చే క్షిపణిని మరో క్షిపణితో ఆకాశంలోనే కొట్టడమంటే బాణాన్ని బాణంతో కొట్టడమే. 2006 నవంబరు 27న ఒడిశా తీరాన సుమారు 50 కిలోమీటర్ల ఎత్తున అలా కొట్టారు కూడాను.

మరి తగిలిందో లేదో చూడడమెలా? నేల మీది రాడార్లు చూస్తాయి. అమెరికావారు విమానాలను కూడా పంపారు. నేల దగ్గరి గాలిలోని తేమ వేడికిరణాలను మింగేస్తుంది. మబ్బుల సంగతి సరేసరి! ఎత్తుకు పోతే ఆ బాధ తక్కువ. అందుకే హాలో వీపు మీద బుడిపె కట్టి, క్షిపణి వేడిని పట్టే పరికరాలు అందులో పెట్టారు.

'కోబ్రా బాల్' అనే విమానానికి కుడి రెక్క నల్లగా ఉండేది. బొమ్మలో చూచి నేను మసి అనుకున్నాను! రెక్క తళతళలాడితే పక్క కిటికీలోని కెమెరాకు అడ్డమని నల్లరంగు పూశారట.

"అయితే బుడిపె ఉంటే క్షిపణి విమానమే!" అన్నాడు వాడు.

"కాదురా. మన 'నేత్ర' వీపున ఉన్న పొడుగాటి పెట్టెలో రాడార్ ఉంటుంది. కొన్ని ప్రయాణికుల విమానాల బుడిపెలో ఇంటర్నెట్ యాంటెనా ఉంటుంది."

వాడు కాసేపు ఆలోచించి, "కింద నుంచి చూస్తే వీపెలా కనబడుతుంది తాతయ్యా?" అన్నాడు.

నిజమే. నాకు తట్టనే లేదు.